మూడంచుల గుంట

నేను సింగేఫుక్ కోట పెద్ద ద్వారం దాటేసరికి మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలు. కేసు అప్పటికే ముగిసిపోయిందన్నారు.

అన్నది మేజర్ చెన్‌చో, ఆ జిల్లా పోలీసు అధికారి. ద్వారం పక్కన కాపలా గదిలో కూర్చుని వెన్న టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవబోయి మానుకున్నాడు. శిక్షణలో మేమిద్దరం ఒకే జట్టు. ఆఖరి పరీక్షలో నేను మొదటిదాన్ని, ఆయన రెండోవాడు. తర్వాత హోదాలో ఆయనే ముందుకు వెళ్లాడు కానీ ఆ పరీక్ష సంగతి మాత్రం ఇంకా మరిచిపోలేదు.

"నాలుగు గంటలు కొండదారిలో కుదుపులు తిని వచ్చారు, పాపం. టీ తాగి వెళ్లండి, కెప్టెన్ యాంగ్కీ గారూ. దొంగ దొరికాడు, సొత్తు దొరికింది. రాజధానికి మీరు రాయాల్సిన కాగితం కూడా నేనే రాయించి పెట్టాను."

ఆ కాగితం చదివాను. చెన్‌చోకి తొందర ఎక్కువే కానీ గంటలూ నిమిషాలూ రాయడంలో పొరపాటు చెయ్యడు.

పదకొండు రోజుల యాత్రలో గుళ్లూ మఠాలూ కోటలూ చూస్తూ వచ్చిన ఆరుగురు విదేశీయులు ఉదయం తొమ్మిదికి సింగేఫుక్ చేరారు. ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. గైడు నిదుప్, ముప్పై నాలుగేళ్లవాడు, ఈ పనిలో పన్నెండేళ్ల అనుభవం. తొమ్మిదీ పదికి మగవాళ్లు ముగ్గురినీ బురుజు పై అంతస్తులోని రక్షక దేవత గదిలోకి తీసుకెళ్లాడు. ఆడవాళ్లు గడప బయటే ఆగారు. తొమ్మిదీ ముప్పై రెండుకి అందరూ బయటికి వచ్చారు. గుడి చూసుకునే పెద్ద లామా ల్హాతు, గురువని అందరూ లోపెన్ అని పిలిచే మనిషి, తలుపుకి తాళం వేశాడు. ఆ రోజు నెలకోసారి చేసే శుద్ధి. పదిన్నరకి మళ్లీ తలుపు తీసి, దేవత ముందున్న ఫుర్బాని తుడవడానికి చేత్తో పట్టుకుని, ఇది మాది కాదని కేక వేశాడు.

ఫుర్బా అంటే మూడంచుల ఇనుప బాకు. సింగేఫుక్ ఫుర్బా పేరు మా దేశంలో తెలియని పిల్లలుండరు. ఈ కోట కట్టిన లామా దాంతోనే లోయలోని దుష్టశక్తిని నేలకు దిగగొట్టాడంటారు. మూడువందల డెబ్బై ఏళ్లుగా అది ఆ గది దాటి బయటికి రాలేదు.

పదకొండూ నలభైకి నది ఒడ్డున భోజనం చేస్తున్న యాత్రికుల్ని పోలీసులు సోదా చేశారు. నిదుప్ కట్టుకున్న ఘో అనే పొడుగు అంగీ మడతలో, గుండె దగ్గర, ఫుర్బా దొరికింది. లోపెన్ చూసి, ఇదే మాది అన్నాడు. గుళ్లో పెట్టి ఉన్నదాన్ని నకిలీ అని రాసుకుని తీసి సంచిలో వేశారు. నిదుప్ దగ్గర దొరికినదాన్ని ఒంటిగంట దాటాక లోపెన్ మళ్లీ దేవత ముందు నిలబెట్టాడు. నిదుప్‌ని కోటలోనే ఒక ధాన్యపు గదిలో పెట్టారు. అతను చెప్పింది ఒక్క మాటే, నేను దొంగతనం చెయ్యలేదని. మా చట్టంలో ఇలాంటి వస్తువు దొంగిలిస్తే బతికున్నంత కాలం జైలే.

"మరి అతిథులు?" అని అడిగాను.

వాళ్ల దగ్గర ఏమీ దొరకలేదనీ, వాళ్ల దేశాల దౌత్య కార్యాలయాల నుంచి ఫోన్లు రాకముందే ఒంటిగంటకి పంపించేశాననీ, వేరే మనిషి వచ్చి యూద్రాక్ మఠానికి తీసుకెళ్లాడనీ చెప్పాడు. ఏమాత్రం కంగారు లేదు.

నేను మొదటి ప్రశ్న వేశాను. తొమ్మిదీ ముప్పై రెండు నుంచి పదకొండూ నలభై వరకు, అంటే రెండు గంటల ఎనిమిది నిమిషాలు, ఈ దొంగ ఆ బాకుని గుండెల దగ్గరే పెట్టుకుని ఎందుకు తిరిగాడు? ఎవరికీ ఇవ్వలేదు, ఎక్కడా దాచలేదు. కూర్చుని అన్నం కూడా తిన్నాడు.

"తెలివిలేనివాడు కాబట్టి."

"నకిలీ తయారు చేయించి, లామా ఎదురుగానే మార్చేసినవాడికి తెలివి లేదా?"

చెన్‌చో కప్పు కింద పెట్టాడు. "మీకు గది చూడాలని ఉంది, అంతేగా? చూడలేరు కదా. కావాలంటే నేను లోపలికి వెళ్లి ఏముందో చెప్తాను, మీరు బయట కూర్చుని రాసుకోండి."

రక్షక దేవత గదిలోకి ఆడవాళ్లు వెళ్లరు. అది నాకు ఆయన నేర్పక్కర్లేదు. గడప దగ్గర నుంచే చూస్తాను, మీరు లోపల నిలబడి చూడనిది ఏదో ఒకటి మిగిలే ఉంటుంది అని చెప్పి, భుజం మీద, కోటలో అడుగుపెట్టే ఆడవాళ్లు వేసుకునే ఎర్ర పట్టీ సర్దుకుని మెట్లెక్కాను.

బురుజు మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. మూడో అంతస్తుకి చేరేసరికి మాట్లాడే ఓపిక ఎవరికీ మిగలదు. అలా కట్టడంలో ఉద్దేశం కూడా అదేనని మా అమ్మమ్మ అనేది.

లోపెన్ ల్హాతు గడప పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్లు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ గది తాళం చెవి ఆయన నడుముకే ఉంది. నేను వంగి నమస్కరిస్తే నా తలమీద చెయ్యి పెట్టాడు.

తలుపు తీశాడు. నేను గడప ఇవతల మోకాళ్ల మీద కూర్చున్నాను.

మొదట చీకటి తప్ప ఏమీ లేదు. వెన్న దీపాల వాసన, పాత ఇనుము వాసన. కాసేపటికి గోడలు కనిపించసాగాయి. వరసగా డాళ్లు, శిరస్త్రాణాలు, ఎప్పుడో జరిగిన యుద్ధాల్లో ఓడిపోయినవాళ్ల కత్తులు. వాటి మధ్య ముఖానికి పట్టు తెర వేసుకుని ఉన్న దేవత. తెర వెనక కళ్లు ఎక్కడుంటాయో నాకు తెలియదు, కానీ నేనే ముందు తల దించుకున్నాను. నా పదహారేళ్ల ఉద్యోగంలో ఎన్నో గదులు సోదా చేశాను. ఈ గది మాత్రం నన్నే సోదా చేస్తున్నట్టనిపించింది. వెనకనున్న చెన్‌చో కూడా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

దేవత ముందు నల్లటి నదిరాయి. రాయి నడుమ తొలిచిన గుంట. అందులో మొన కిందికి దిగి నిలబడి ఉంది ఫుర్బా, జానమీద నాలుగు వేళ్ల ఎత్తు, పిడి మీద మూడు ముఖాలు.

గదిలో అడుగుపెట్టినవాళ్లు దేవతను చూస్తారు, లేకపోతే గోడలు చూస్తారు. గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నవాళ్ల కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉండేది ఆ రాయి. ఫుర్బా కొంచెం ఒరిగి ఉంది. దాని మొన చుట్టూ పసుపు పట్టు పేలిక చుట్టి గుంటలోకి దోపి ఉంది.

ఆ పేలిక ఎందుకని లోపెన్‌ని అడిగాను.

"ఊగుతుంది తల్లీ. నేను వచ్చినప్పటి నుంచీ ఊగుతూనే ఉంది. నా ముందున్న లోపెన్ ఇలాగే పట్టు చుట్టి నిలబెట్టాలని నేర్పాడు. నెలనెలా కొత్త పేలిక మారుస్తాను."

"ఇవాళ పదిన్నరకి మీరు వచ్చి చూసినప్పుడు, ఆ పరాయి ఫుర్బాకి పేలిక ఉందా?"

ఆయన ఆలోచించాడు. లేదు. ఉంటే అంత త్వరగా గుర్తుపట్టేవాణ్ణి కాదేమో అన్నాడు. చేత్తో పట్టుకోగానే పట్టు తగలకుండా ఇనుము తగిలింది. బరువు వేరు. ముఖాలు వేరు. భయమేసింది.

"పేలిక లేకుండా అది ఎలా నిలబడింది, లోపెన్?"

ఆయన రాయి వైపు తిరిగాడు.

నేను చెన్‌చోతో ఆ నకిలీని పైకి తెప్పించమన్నాను. సాక్ష్యం ముద్ర వేసి ఉందనీ, విప్పడం కుదరదనీ అన్నాడు. పవిత్ర వస్తువుల కేసుల్లో ముద్ర విప్పే అధికారం రాజధానిలోని మా విభాగానిదని గుర్తుచేశాను. కోర్టులో జవాబు మీరే చెప్పుకోండి అన్నాడు. చెప్పుకుంటానన్నాను. చివరికి మెట్ల దగ్గరున్న కానిస్టేబుల్‌ని కేకేశాడు.

సంచి లోంచి తీసి ఇచ్చిన ఫుర్బాని లోపెన్ రెండు చేతులతో అందుకున్నాడు. రాతిలో ఉన్నదాన్ని తీసి పక్కన బట్టమీద పెట్టాడు. గుంట ఖాళీ అయింది. మూడు మూలల గుంట. మూడు మూలలూ ఒక్కలా లేవు. ఒకటి కాస్త లోతు, ఒకటి కొద్దిగా వంకర. చేత్తో సుత్తి పట్టి, ఉలి పట్టి, ఒకే ఒక ఇనుము కోసం తొలిచిన గుంట అది.

లోపెన్ మెల్లగా దించాడు. ఒకసారి ఆగింది. పిడిని వేలెడంత తిప్పాడు. అప్పుడు తనంతట తనే జారింది. రాయీ ఇనుమూ కలిసిన చోట చిన్న చప్పుడు, అంతే. ఆయన చేతులు తీసేశాడు. అది నిటారుగా నిలబడింది.

కదిపి చూడమన్నాను. ఒక వేలితో తోశాడు, తర్వాత అరచేత్తో. కదల్లేదు. రాయి కదిలింది కానీ అది కదల్లేదు. దీపాల వెలుగు పిడి మీది మూడు ముఖాల మీద పడింది. మధ్య ముఖం నన్నే చూస్తోంది.

పైకి కనిపించే భాగాన్ని చూసి ఎంతటి కమ్మరైనా అచ్చు దింపగలడు. రాతి లోపల ఉండే మొనని చూడనివాడు మాత్రం దాన్ని చెయ్యలేడు. ఈ గుంట ఏ ఇనుము కోసం పుట్టిందో ఆ ఇనుము ఇదే. ఇరవై తొమ్మిదేళ్లుగా, అంతకుముందు ఇంకెన్నేళ్లుగానో, పట్టు పేలికతో నిలబెట్టి మొక్కింది నకిలీకి. ఈ ఉదయం ఎవరో అసలుది తెచ్చి దాని చోట దాన్ని పెట్టారు.

లోపెన్ నేలమీద కూలబడి చెప్పాడు. కోట నిధుల పాత జాబితాలో ఈ ఫుర్బా గురించి ఒక వాక్యం ఉందట, తనంతట తాను నిలుచునది అని. "కవిత్వం అనుకున్నాను తల్లీ, ఇన్నేళ్లూ. నా ముందు పెట్టింది నకిలీ. నేను వెలిగించిన దీపాలు మాత్రం నకిలీవి కావు కదా?"

"కావు, లోపెన్," అన్నాడు చెన్‌చో. ఆ గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక మిగిలింది ఉదయం ఆ ఇరవై రెండు నిమిషాలు. లోపెన్ గుర్తుచేసుకుంటూ చెప్పాడు. ఇద్దరు అతిథులు నవ్వుతూ పాచికలు వేసి జోస్యం అడిగారు. మూడో ఆయన, పొడుగు కోటు వేసుకున్న జపాను పెద్దాయన, పాచికలు ముట్టుకోలేదు. మూడుసార్లు సాష్టాంగపడ్డాడు. మూడోసారి లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్న మనిషిని తేరిపార చూడకూడదని లోపెన్ ముఖం తిప్పుకుని, మిగతా ఇద్దరికీ పవిత్రజలం పోశాడు. గైడు ఆ పెద్దాయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

అంటే మార్చడానికి పట్టింది ఒక్క నిమిషం. ఒకరి కోటులో లోపలికి వచ్చింది అసలుది, ఇంకొకరి ఘో మడతలో బయటికి వెళ్లింది నకిలీ. లోపలికి తెచ్చేవాళ్లని ఎవరూ సోదా చెయ్యరు.

ధాన్యపు గదిలో నిదుప్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి, పెదాలు వక్కతో ఎర్రగా ఉన్నాయి. నేను ఎదురుగా కూర్చుని, ఫుర్బా తన చోట నిలబడిందని చెప్పాను. అతను కళ్లు మూసుకున్నాడు.

"వంతెన దాటి నది ఒడ్డుకి వెళ్లారు. నడి వంతెన మీద నువ్వు ఒక్కడివే ఆగిపోయావని వంతెన కాపలావాడు చెప్పాడు. కింద అంత లోతు నీళ్లు. నకిలీని అందులో పడేస్తే నీ మీద కేసే ఉండేది కాదు. ఎందుకు పడెయ్యలేదు?"

"పడేద్దామనే ఆగాను, మేడం. చెయ్యి రాలేదు. మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని మొక్కింది దానికే. నకిలీ అయితే మాత్రం, అంతమంది మొక్కినదాన్ని నీళ్లలో ఎలా పడేస్తాను? యూద్రాక్ మఠంలో పెద్ద లామాకి ఇచ్చేద్దామనుకున్నాను."

ఆ తర్వాత అడక్కుండానే చెప్పాడు. ఆ పెద్దాయన పేరు ఇసోగై, కోబెలో రిటైరైన బడి మాస్టారు. వాళ్ల నాన్న పాత వస్తువుల వ్యాపారి. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే ఒక పెట్టె దొరికింది, అందులో ఈ ఫుర్బా. నలభై ఒక్క ఏళ్ల కిందట మన సరిహద్దు ఊళ్లో కొన్నదని చీటీ ఉంది. ఇసోగై నాలుగుసార్లు ఈ దేశం వచ్చాడు, ప్రతిసారీ నిదుప్‌నే గైడుగా అడిగాడు. గుడి తర్వాత గుడి, కోట తర్వాత కోట తిరుగుతూ, ఖాళీ చోటు ఎక్కడుందా అని వెతికాడు. ఎక్కడా ఖాళీ కనిపించలేదు. మూడోసారి సింగేఫుక్‌లో, పేలిక చుట్టి ఒరిగి ఉన్న ఫుర్బాని చూసి, తన దగ్గరున్నది ఇక్కడిదేనని గ్రహించాడు. ఆ రాత్రి నిదుప్‌కి అంతా చెప్పాడు. తన తండ్రి పేరు పేపర్లకెక్కకుండా, ఏ మెప్పూ లేకుండా, దాన్ని దాని చోట పెట్టి వెళ్లిపోవాలన్నది ఆయన కోరిక.

ఒక ముసలి మాస్టారు నాలుగుసార్లు దొంగసొత్తు చంకన పెట్టుకుని కొండలెక్కాడు, దింపుకునే చోటు కోసం.

చెన్‌చో గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఇదంతా ఉదయమే చెప్పి ఉంటే గొలుసులు పడేవి కావు కదా, ఎందుకు నోరు మూసుకున్నావని అడిగాడు.

నిదుప్ నా వైపే చూసి చెప్పాడు. "అతిథులు మూడు రోజుల్లో విమానం ఎక్కేస్తారు. అప్పుడు చెప్పేవాణ్ణి. మూడు రోజులు జైల్లో కూర్చోగలను, మేడం."

"ఎవరికి భయపడుతున్నావు?"

అతను చేతివేళ్లు విరుచుకున్నాడు.

అతిథులు ఒంటిగంటకే బయలుదేరారని, వేరే మనిషి వాళ్లని తీసుకెళ్లాడని చెప్పాను. అతను తలెత్తాడు. ఎవరు అని అడిగాడు. అది నాకూ తెలియదు. చెన్‌చో వైపు చూశాను.

"మీ యాత్రల కంపెనీ యజమానే. తెన్పా గారు. పక్క ఊళ్లోనే ఉన్నాడట, కబురు అందగానే స్వయంగా వచ్చాడు. అతిథులకి ఇబ్బంది కలగకూడదని."

నిదుప్ లేచి నిలబడ్డాడు. గొలుసు లాగితే మళ్లీ కూలబడ్డాడు.

"పెట్టెలో ఫోటో ఉంది మేడం. ఇసోగై గారి నాన్న పక్కన, అమ్మిన మనిషి. పాతికేళ్ల కుర్రాడు. అప్పట్లో ఈ కోటలో సామాన్ల గది చూసేవాడు. ఎవరో ఇసోగై గారికి తెలియదు. నాకు తెలుసు, పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే జీతం తీసుకుంటున్నాను. నేను ఆ పేరు చెప్పలేదు. చెబితే, తెన్పా గారు ఎదురుపడినప్పుడు ఇసోగై గారు ముఖంలో దాచుకోలేరని."

చెన్‌చో ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఏం చేశారని అడిగాను. నెమ్మదిగా, ఒక్కో మాటా పట్టి లాగినట్టు చెప్పాడు. పన్నెండూ నలభైకి తెన్పా దగ్గర వాంగ్మూలం తీసుకున్నాడు. కంపెనీ మనిషి కదా అని రెండు ఫుర్బాలూ బల్లమీద పెట్టి చూపించాడు. దొరికినదాని వైపు తెన్పా చూడనే లేదు. నకిలీ అని రాసుకున్నదాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత, ఆ గదిలోకి వెళ్లిన అతిథులు ఎవరెవరని అడిగాడు. జపాను నుంచి వచ్చినాయన కోబె మనిషా అని అడిగాడు.

"నేనే చెప్పాను," అన్నాడు చెన్‌చో. "కాగితం చూసి, ఊరి పేరుతో సహా."

ఆయన్ని దెప్పడానికి అదే సమయం అయితే ఆ పని చేసేదాన్నే. అప్పటికే ఆయన ఫోన్ తీసి యూద్రాక్ మఠం గుమ్మం దగ్గరి తనిఖీ గదికి కలిపాడు. చెవి దగ్గర పెట్టుకోకుండా, నాకూ వినపడేలా పెట్టాడు. టైము నాలుగూ ముప్పై ఐదు.

కాపలావాడు తీరిగ్గా మాట్లాడాడు. యాత్రికులు వచ్చేశారన్నాడు. అందరూ క్షేమంగానే ఉన్నారు, టీ తాగుతున్నారు. ఎంతమంది అని చెన్‌చో అడిగాడు.

"ఐదుగురు, సార్. ఆరో ఆయన, ఆ జపాను పెద్దాయన, అలిసిపోయాడట. వీళ్లని ముందు నడవమని, దగ్గరుండి తీసుకొస్తానని చెప్పి తెన్పా గారు చివరి మలుపులో ఆయనతో ఆగిపోయారట."

"వీళ్లు వచ్చి ఎంతసేపయింది?"

"నలభై నిమిషాలు అవుతుంది, సార్."

కొండ అంచున ఒక్క మనిషి పట్టే దారి అది. చివరి మలుపు నుంచి మఠం గుమ్మానికి పావుగంట నడక.